అప్‌డేట్: కారులోకి వాన నీరు రావడం ఆగింది

సెకండ్ హ్యాండ్‌లో కొన్న మా హ్యాచ్‌బ్యాక్‌లో వాన పడినప్పుడల్లా ముందు ఎడమ సీటు దగ్గరి మ్యాట్ తడిసిపోతోందని, ఆ మోడల్‌కు ఇది మొదటినుంచీ ఉన్న లోపమేనని విజయనగరంలో మెకానిక్కులు అంటున్నారని, ఇంట్లోనే సరిచేసుకునే వీలుందా అని ఇదివరకు అడిగాను. ఆ పని పూర్తయింది.

నీరు ఏసీదా, వానదా ముందు తేల్చుకోమన్న సలహా ఎంతో ఉపకరించింది. ఏసీ ఆపి, ముందు అద్దం అడుగున మగ్గుతో మెల్లగా నీళ్ళు పోయగా, కొద్దిసేపటికే కారు లోపల బ్లోయర్ (లోపలికి గాలి తోసే ఫ్యాను) పక్కనుంచి ధార కట్టింది. వైపర్లను, వాటి కింది ప్లాస్టిక్ కవరును విప్పి చూస్తే, నీరు బయటకు పోవలసిన రబ్బరు గొట్టం మూతి సన్నని చీలికలా ఉండి, వేపాకులూ మట్టీ కలిసిన ముద్దతో పూర్తిగా పూడుకుపోయింది. అందువల్ల నీరు అక్కడే నిలిచి, మట్టం పెరిగి, బ్లోయర్ గాలి తీసుకునే రంధ్రం అంచు దాటి లోపలికి దిగుతోంది. గొట్టాన్ని కడిగి, మూతిని కాస్త కత్తిరించి వెడల్పు చేశాను. అక్కడి నుంచి జారే నీరు ఏ వైరింగ్ కనెక్టరు మీదా పడకుండా చూసుకోవడం ముఖ్యం. బ్లోయర్ రంధ్రం చుట్టూ సిలికాన్ పూయమన్న సూచనను మాత్రం పాటించలేదు. నీరు నిలవనప్పుడు దాని అవసరం లేదని నా అభిప్రాయం.

కార్పెట్ పైకి ఆరినట్టే కనిపించినా, అడుగున ఉన్న స్పాంజిని పిండితే మురికినీరు కారింది. దాన్ని ఎత్తి ఎండబెట్టకపోతే నేల రేకు తుప్పు పడుతుంది. మాకు అప్పటికే బోల్టుల చుట్టూ ఎర్రగా పొక్కులు లేచాయి. వాటిని గీకి ప్రైమర్ వేశాను. ఆ తర్వాత పార్వతీపురం దారిలో జోరువాన పట్టుకున్నా మ్యాట్ తడవలేదు.