క్యారేజీలో 380 గ్రాముల పప్పు దొరికింది: కేసు పెట్టాలా, పనిలోంచి తీసెయ్యాలా, కూలిలో పట్టుకోవాలా?

పలాస_పిక్క (చర్చ మొదలుపెట్టినవారు)
అందరికీ నమస్కారం. కాశీబుగ్గ దగ్గర మాది చిన్న జీడిపప్పు యూనిట్, నాన్నగారి కాలం నుంచి నడుస్తోంది. పిక్కలు కోసేవాళ్లు, పొట్టు తీసేవాళ్లు, గ్రేడింగు చేసేవాళ్లు కలిపి 26 మంది. నలుగురు తప్ప అందరూ ఆడవాళ్లే. మూడు నెలలుగా 80 కిలోల బస్తాకి అరకిలో అటూ ఇటూగా పప్పు తరుగు వస్తోంది. మొన్న శనివారం సాయంత్రం మా గుమస్తా గేటు దగ్గర ఒకామె క్యారేజీ తెరిపిస్తే, అడుగు గిన్నెలో మిగిలిన అన్నం కింద పాలిథిన్ కవర్లో గుండు పప్పు (విరగని జీడిపప్పు). తూకం వేస్తే 380 గ్రాములు. మూడొందల సరుకు. ఆమె పదకొండేళ్లుగా మా దగ్గర పొట్టు తీస్తోంది. మా అమ్మ పోయినప్పుడు మూడు రోజులు మా ఇంట్లోనే ఉండి అందరికీ వండిపెట్టింది. ఆ రాత్రి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు.
సోమవారం నుంచి గేటు దగ్గర అందరినీ వెతికిస్తున్నాను. ఇప్పుడేం చెయ్యమంటారు? కేసు పెట్టాలా? మానిపించాలా? మూడు నెలల తరుగూ ఆమె కూలిలో పట్టుకోవాలా?

మూడులాంతర్లు
ఆలోచించకుండా స్టేషన్‌కి వెళ్లండి. విజయనగరంలో మాది కిరాణా హోల్‌సేల్. తొమ్మిదేళ్లు నమ్మిన గుమస్తా ఆరువేలు వాడేసుకుని దొరికిపోయాడు. కాళ్ల మీద పడ్డాడు, వదిలేశాను. తర్వాత వాడు రెండో బిల్లు పుస్తకం అచ్చు వేయించుకున్నాడు. నగదు ఇచ్చేవాళ్లకి అందులోంచి చింపి ఇచ్చేవాడు, ఆ డబ్బు గల్లాపెట్టెకి వచ్చేదే కాదు. పైడితల్లమ్మ పండగ ముందు సరుకు లెక్క చూసుకుంటే నాలుగు లక్షలు తేడా. ఆ ఆరువేల రోజునే కేసు పెట్టి ఉంటే ఇంత దూరం వచ్చేదా? 380 గ్రాములని చూడకండి. అది దొరికిన రోజు. దొరకని రోజులెన్నో ఎవరు చెప్పగలరు?

సోంపేట_గుంటడు
సీసీ కెమెరాలు పెట్టించీండి అన్నా.

ఉద్దానం_రైతు
బస్తాకి అరకిలో తరుగంటే మొత్తం దొంగతనమేనేటి? పప్పు ఎప్పుడు తూస్తన్నారు? పిక్క కోసినాక తూసి, మళ్లీ డ్రయ్యరు దిగి పొట్టు తీసినాక తూస్తే తేడా రాదేటి? బస్తాకి 21 కిలోల పప్పు అనుకోండి, తేమ మూడు శాతం ఆరిపోతే 630 గ్రాములు పోనట్టే. పొట్టు బరువు వేరే.

పలాస_పిక్క
@ఉద్దానం_రైతు తేమ సంగతి నాకు తెలీదా? పొట్టు తీశాక వచ్చిన తూకాన్ని పోయినేడు అదే తూకంతో పోల్చి చెబుతున్నాను.

ఉద్దానం_రైతు
పోయినేడు పిక్క వేరు, ఈయేడు పిక్క వేరు. ఎండ సాలకుండా బస్తాలకెత్తిన పిక్కకి ఎక్కువ తరుగొస్తాది. ఒక్క క్యారేజీలో దొరికినాది కదా అని మూడు నెలల తరుగూ ఆవిడి నెత్తిన వేస్తారేటి?

వంశధార_ఆడపడుచు
నాకు తేమ లెక్కలు తెలీవు. "అందరినీ వెతికిస్తున్నాను" అన్నారు. వెతుకుతున్నది ఎవరండీ?

పలాస_పిక్క
గుమస్తానే. ఎవరినీ ముట్టుకోడు. క్యారేజీ, సంచీ చూస్తాడు, కొంగు దులపమంటాడు. అంతే.

వంశధార_ఆడపడుచు
అంతేనా? నాకు పంతొమ్మిదేళ్లప్పుడు శ్రీకాకుళంలో ఒక బట్టల షాపులో సేల్స్‌లో ఉండేదాన్ని. 2,400 చీర ఒకటి లెక్కకి రాలేదు. ఆ కౌంటర్‌లో ఉన్న నలుగురు గుంటలనీ మెట్ల కింద వరసగా నిలబెట్టి కొంగులు దులపమన్నారు. ఎదురుగా టీ ఇచ్చే కుర్రాడు గ్లాసులు పట్టుకుని సూస్తన్నాడు. ఆ నెల తలకి 600 కోసేశారు. అప్పుడు నా జీతం నాలుగువేలు. పది రోజులకి చీర దొరికినాది. ఫాల్ కుట్టడానికి టైలరుకిచ్చి ఎవరూ రాయలేదు. "పోన్లెండమ్మా, దొరికింది కదా" అన్నారు. 600 తిరిగి రాలేదు. మా అమ్మకి ఈనాటికీ సెప్పలేదు నేను. మీ గేటు దగ్గర ఏ తప్పూ చెయ్యని పాతికమంది రోజూ సాయంత్రం కొంగు దులిపి ఇళ్లకెళ్తున్నారు, తెలస్తోందా?

మూడులాంతర్లు
మీ సంగతిలో చీర టైలర్ దగ్గర దొరికింది. ఇక్కడ పప్పు క్యారేజీలో దొరికింది. ఈ రెండూ ఒకటెలా అవుతాయి? ప్రతి యజమానినీ మీ పాత షాపు ఓనర్ని చూసినట్టు చూడకండి.

వంశధార_ఆడపడుచు
ప్రతి పనిమనిషినీ మీ గుమస్తాని చూసినట్టు మీరు చూడొచ్చా మరి?

టైమాఫీసు_తాత
పిల్లలూ, కాస్త ఆగండి. జూట్ మిల్లు టైమాఫీసులో 31 ఏళ్లు చేశాను. ఇలాంటి ఫైళ్లు చాలా కట్టాను, నాకు తెలిసింది చెబుతాను.
పోలీసు కేసు వేరు, పనిలో క్రమశిక్షణ వేరు. రెంటినీ కలపొద్దు. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో మామూలు దొంగతనం సెక్షన్ 303. సొత్తు 5,000 లోపు ఉండి, మొదటిసారి నేరమై, తిరిగి ఇచ్చేస్తే దానికి సమాజ సేవ శిక్ష. కానీ యజమాని సొత్తు పనివాళ్లు తీస్తే సెక్షన్ 306 ఉంది, పాత ఐపీసీలో 381. ఏడేళ్ల దాకా జైలు వెయ్యొచ్చు. మూడొందల పప్పుకి పదకొండేళ్లు చేసిన మనిషిని ఆ సెక్షన్ కింద నిలబెడతారో లేదో మీరే తేల్చుకోవాలి బాబూ.
కూలి కోత సంగతి. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలో ఉన్నదే 2019 వేతనాల కోడ్‌లోనూ ఉంది. జరిమానా ఆ విడత ఇచ్చే కూలిలో 3 శాతం దాటకూడదు. అదీ సంజాయిషీ అడిగాకే. ఆ డబ్బు కూడా పనివాళ్ల బాగుకే వాడాలి, యజమాని జేబులోకి పోకూడదు. సరుకు నష్టం కింద పట్టుకోవాలంటే, ఆ సరుకు ఆమెకి ప్రత్యేకంగా అప్పగించినట్టు ఉండాలి, ఆమె నిర్లక్ష్యం వల్లే పోయిందని తేలాలి. పదిమంది కూర్చుని పొట్టు తీసే గదిలో మూడు నెలల తరుగు ఒకరి మీద వెయ్యడం కుదరదు.
వెతకడం సంగతి. పోలీసులు వెతకాలన్నా ఆడమనిషిని ఆడమనిషే, మర్యాద తప్పకుండా వెతకాలని చట్టం. మీ గుమస్తాకి అంతకంటే ఎక్కువ అధికారం ఉందా? ఈ సాయంత్రమే ఆపించండి.

మూడులాంతర్లు
చట్టమంతా దొంగ పక్కనే ఉంది. షాపు నడిపేవాడికి తెలుస్తుంది ఆ బాధ. తాతగారు ఫైళ్లు కట్టారు, నష్టం కట్టలేదు.

సోంపేట_గుంటడు
కెమెరాలు పదిహేనువేలకి వచ్చీస్తాయి అన్నా, నిజంగా సెప్తన్నాను.

వంశధార_ఆడపడుచు
@పలాస_పిక్క ఒక్కటడుగుతాను, కోపం వద్దు. 26 మంది అన్నారు. 20 మంది, ఆపైన ఉంటే పీఎఫ్ కట్టాలి. ఆవిడికి కడుతున్నారా? కూలి చీటీ ఇస్తున్నారా?

పలాస_పిక్క
ఇప్పుడు నేను దొంగనయ్యానా? సలహా అడగడానికి వచ్చాను, సంజాయిషీ ఇచ్చుకోవడానికి కాదు. ఆమె కూతురి పెళ్లికి నలభైవేలు ఇచ్చాను. కాగితం లేదు, వడ్డీ లేదు. పండక్కి చీర, బియ్యం. ఏ ఫ్యాక్టరీలో ఇస్తారో చూపించండి. ఇంటి మనిషిలా చూసుకున్నాను, అందుకే ఇంత మండుతోంది!

వంశధార_ఆడపడుచు
మీరు మంచోరు కాదని నేను అన్లేదు. కానీ ఇంటి మనిషి డబ్బాలోంచి గుప్పెడు పప్పు తీసుకుంటే ఎవరూ కేసు గురించి అడగరండీ. పనిమనిషంటారా, అప్పుడు హాజరు పుస్తకం, కూలి చీటీ, పీఎఫ్ ఉంటాయి. పీఎఫ్ కట్టాల్సినప్పుడు ఇంటి మనిషి, పప్పు పోయినప్పుడు పనిమనిషి. ఆవిడి ఏ లెక్కన మీకు జవాబు చెప్పాలి?

ఉద్దానం_రైతు
ఆవిడి ఏటి సెప్పినాది? అది ఎవరూ అడగలేదు ఇంతవరకు.

పలాస_పిక్క
రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను. పీఎఫ్ ఎనిమిదిమందికే కడుతున్నాం, అందులో ఆమె లేదు. నాన్నగారి కాలం నుంచి అలాగే వచ్చింది. నేనూ మార్చలేదు.
ఆమెని ఏమీ అడగలేదు. అడగడానికి మొహం చెల్లలేదు. భర్తకి కిడ్నీ జబ్బు, డయాలసిస్‌కి తీసుకెళ్లిన రోజు పనికి రాలేదు, కిలోల లెక్క కాబట్టి ఆ రోజు కూలి పోయినట్టే. రెండు నెలల కిందట పదివేలు అడిగింది. పాత నలభై ఇంకా ఉందని లేదన్నాను. అది కాదు నన్ను తొలిచేది. ఆ గదిలో పక్కపక్కన కూర్చునే పదిమందికీ ఆమె తీస్తున్న సంగతి తెలుసట. ఒక్కరూ నాకు చెప్పలేదు. నేను వాళ్లకి అంత పరాయివాణ్ణా?

మూడులాంతర్లు
కష్టం ఉంటే దొంగతనం ఒప్పయిపోదు. నా గుమస్తా కూడా కష్టమే చెప్పాడు.
ఒక్క మాట రాయకుండా దాచాను, ఇప్పుడు రాస్తాను. వాడి మీద కేసు పెట్టడానికి వెళ్లాను. "వీడు మీ దగ్గర పనిచేశాడనడానికి కాగితం చూపించండి" అన్నారు. తొమ్మిదేళ్లూ జీతం చేతికే ఇచ్చాను. ఒక్క సంతకం లేదు. ఆ రెండో బిల్లు పుస్తకం యజమానినైన నాదేనని కూడా అనేశాడు వాడు. అక్కడితో ఆగిపోయింది. అందుకే చట్టం పేరెత్తితే నాకు ఒళ్లు మండుతుంది. తాతగారూ, క్షమించండి.

టైమాఫీసు_తాత
క్షమాపణెందుకు బాబూ. @పలాస_పిక్క, నీ యూనిట్‌కి స్టాండింగ్ ఆర్డర్లు (పెద్ద ఫ్యాక్టరీల్లో పని, క్రమశిక్షణ నియమాలు) వర్తించకపోయినా పద్ధతి పద్ధతే. తెలుగులోనే ఒక నోటీసు రాయి. ఫలానా తేదీ, ఫలానా గంటకి, గేటు దగ్గర, నీ క్యారేజీలో ఇంత తూకం పప్పు దొరికింది, దీనికి నీ సంజాయిషీ ఏమిటి, వారం లోపల చెప్పు అని. ఆమెకి చదవడం రాకపోతే చదివి వినిపించాలి, ఆమె నమ్మే మనిషిని పక్కన కూర్చోబెట్టుకోనివ్వాలి. ఆమె చెప్పింది చెప్పినట్టు రాయించు. ఉంచడమా, తీసెయ్యడమా అన్నది అప్పుడు ఆలోచించు. మొదటిసారని హెచ్చరించి ఉంచిన ఫైళ్లు మా మిల్లులో చాలా ఉన్నాయి. ఈలోగా మిగతా వాళ్లందరి పేర్లతో హాజరు పుస్తకం మొదలుపెట్టు.

పలాస_పిక్క
రాస్తున్నాను తాతగారూ. గేటు దగ్గర వెతకడం నిన్న సాయంత్రమే ఆపించాను. తూకం దగ్గర "380 గ్రాములు" అని రాసెయ్యనా?

టైమాఫీసు_తాత
ఆమె కళ్ల ముందు తూశారా?

పలాస_పిక్క
లేదు. ఆమె ఏడుస్తూ వెళ్లిపోయాక లోపల గుమస్తా ఒక్కడే తూశాడు.

టైమాఫీసు_తాత
అయితే ఆ కవరు అలాగే తీసుకురమ్మని, ఆమె ముందు మళ్లీ తూయించి, ఇద్దరి చేతా సంతకం పెట్టించు.

పలాస_పిక్క
ఇప్పుడే అడిగాను. సోమవారం పొద్దున్నే ఆ పప్పు మళ్లీ గ్రేడింగు బల్ల మీద పోసేశాడట.