పీఎస్-పీఎంఎంఏ ఫిల్మ్‌లో గీతలు వస్తలేవు, రంగు మచ్చలే కనబడుతున్నయ్

నల్గొండ_కెమ్:
సిలికాన్ ముక్కల మీద పీఎస్-పీఎంఎంఏ బ్లాక్ కోపాలిమర్ (పాలీస్టైరీన్, పాలీమిథైల్ మెథాక్రిలేట్ గొలుసులు అతికిన పాలిమర్; 52కే-52కే, అంటే ఒక్కో గొలుసు అణుభారం 52 వేలు; లామెల్లా, అంటే పొరలు పొరలుగా విడిపోయే రకం) పొరల్ని నిలువుగా నిలబెట్టాలని చూస్తున్న, పైనుంచి చూస్తే గీతల్లాగ కనబడాలె. ముందు 60 శాతం స్టైరీన్, చివర హైడ్రాక్సిల్ (ఓహెచ్) ఉన్న రాండమ్ బ్రష్ (పీఎస్, పీఎంఎంఏలల్ల దేన్నీ ఎక్కువ లాగకుండా ఉపరితలానికి అతికే పలుచని పాలిమర్ పొర) వేసి, వాక్యూమ్ ఓవెన్‌లో 160 డిగ్రీల దగ్గర 2 గంటలు ఉంచి, టోలీన్‌తో కడిగిన. దాని మీద 40 నానోమీటర్ల ఫిల్మ్, 230 డిగ్రీల హాట్‌ప్లేట్ మీద 10 నిమిషాలు. మైక్రోస్కోప్ కింద రెండు రంగుల మచ్చలు. హైదరాబాద్ పంపి ఎస్ఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫోటో) తీయిస్తే గీతల్లేవు, అంతా గింజలు గింజలు. ఎక్కడ తేడా కొడుతుందన్నా?

వేఫర్‌పిచ్చి:
లామెల్లాలు నిలబడలే తమ్మీ, పడుకున్నయ్. ఈ పాలిమర్ పిరియడ్ (ఒక పీఎస్ పొర, ఒక పీఎంఎంఏ పొర కలిపి మందం) సుమారు 48 నానోమీటర్లు. బ్రష్ లేని ఉత్త ఆక్సైడ్ (సిలికాన్ మీద ఉండే పొర) మీద పీఎంఎంఏ కిందికి అతుక్కుంటది, పీఎస్ పైకి పోతది. అప్పుడు మందం పిరియడ్‌లో సగమో ఒకటిన్నరో ఉండాలె, అంటే 24 లేదా 72. నువ్వేసింది 40, ఎటూ కాదు. అందుకే కొంత జాగ 24కు దిగింది, కొంత 72కు లేచింది. ఏఎఫ్ఎంలో (సన్నని సూదితో ఎత్తుపల్లాలు కొలిచే మైక్రోస్కోప్) మెట్టు ఎత్తు కొలువు, 48 దగ్గర వస్తే ఇక అనుమానం లేదు.

బ్రష్ సరిగ్గా పట్టలేదన్నట్టు. 160 దగ్గర గంటలు చాలవు, రోజులు పడ్తది. నైట్రోజన్‌లో 250 డిగ్రీలైతే 5–10 నిమిషాల పని, రెండు రోజులు కరెంటు పోకుండా కాపలా ఉండుడు కూడా తప్పుతది. ముక్కను ముందు ఆక్సిజన్ ప్లాస్మాతో గాని పిరానాతో (సల్ఫ్యూరిక్ యాసిడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపింది) గాని శుభ్రం చెయ్యి. ఉపరితలం మీద ఓహెచ్‌లు లేకుంటే బ్రష్ దేన్ని పట్టుకుంటది? (పిరానా పక్కన అసిటోన్ సీసా ఉండనే వద్దు, పేలుతది.) టోలీన్‌తో కడిగినంక ఒక నీటి చుక్క పెట్టి పక్క నుంచి ఫోన్‌తో ఫోటో తియ్యి. కోణం 75–80 దగ్గర ఉంటే బ్రష్ ఉన్నట్టే. చుక్క పరుచుకుంటే ఉత్త ఆక్సైడే.

పాలమూరు_పాలిమర్:
హాట్‌ప్లేట్ బయట గాలిలోనేనా? ఐతే అదొక తప్పు. 230 దగ్గర పీఎస్, పీఎంఎంఏ ఉపరితల శక్తులు దాదాపు సమానం, పై వైపు ఏదీ ఎగబాకదు, అందుకే ఆ వేడి. గాలి తగిలితే పాలిమర్ ఆక్సిడైజ్ అవుతది, ఆ సమానం పోతది. గాజు మూత బోర్లించి, నైట్రోజన్ పంపి, లోపలి గాలి వెళ్లినంకనే వేడి పెంచు. డిస్‌ప్లేలో 230 ఉన్నా ముక్క మీద అంత ఉండకపోవచ్చు, థర్మోకపుల్ పెట్టి చూడు.

నానోకన్ను:
ఎస్ఈఎంకు ముందు గోల్డ్ కోటింగ్ వేసిన్రా? ఆ గింజలు బంగారానివే కావచ్చు. 24 నానోమీటర్ల గీతను బంగారు గింజలు కప్పేస్తయ్. కోటింగ్ వద్దని ముందే చెప్పు. ఎఫ్ఈఎస్ఈఎం (ఇంకా సన్నగా చూపించే ఎస్ఈఎం) కావాలె, 1–2 కిలోవోల్టుల్లో తియ్యమను. కాంట్రాస్ట్ కోసం 254 నానోమీటర్ల యూవీ కొట్టి, గ్లేషియల్ అసిటిక్ యాసిడ్‌లో ముంచి, నీళ్లతో కడుగు. పీఎంఎంఏ పోయి పీఎస్ గోడలు మిగులుతయ్. ఫిల్మ్ మందంగా ఉంటే ఆరేటప్పుడు గోడలు ఒకదాని మీదొకటి పడ్తయ్, అప్పుడు యాసిడ్ బదులు తక్కువ సేపు ఆక్సిజన్ ప్లాస్మా మేలు.

నల్గొండ_కెమ్:
అవునన్నా, గోల్డ్ వేసిన్రు. హాట్‌ప్లేట్ కూడా బయటనే. బ్రష్ పట్టినంక గీతలు సీదాగా వస్తయా?

వేఫర్‌పిచ్చి:
రావు. వేలిముద్రలాగ వంకర్లు తిరుగుతయ్. సీదా కావాలంటే ముందే లిథోగ్రఫీతో గాడులో, కెమికల్ చారలో గీయాలె. చారలైతే వాటి మధ్య దూరం 48కి గుణిజం, 96 గాని 144 గాని. అది తప్పితే మళ్లా డిఫెక్ట్‌లే. ముందైతే వేలిముద్ర రానియ్యి.