ఆన్‌లైన్‌లో వచ్చిన కానుకను వాపస్ పెట్టమని అడగొచ్చా?

ఎర్రముక్కపల్లె, కడప:
పోయిన ఆదివారం మా గృహప్రవేశం. హైదరాబాద్‌లో ఉండే మా చిన్నమ్మ రాలేక, ఆన్‌లైన్‌లో ఇండక్షన్ స్టవ్ పంపించింది. ఇంట్లో ఉన్నవన్నీ అల్యూమినియం గిన్నెలు, ఇత్తడి తపేలాలు. ఒక్కటీ దాని మీద పనిచేయదు. వాపస్ పెట్టి మిక్సీ తీసుకుందామని నాకుంది. "ఇచ్చింది వద్దంటే ముఖం ఎట్లా చూపిస్తాం" అంటోంది అమ్మ. మీరేమంటారు?

జమ్మలమడుగు:
అమ్మగారి మాటే నిజం. చదివింపుల పుస్తకంలో రాసుకున్నామంటే, రేపు వాళ్ళింట్లో శుభకార్యానికి అంతకు తగ్గకుండా మనం పెట్టాలి. అట్లాంటిదాన్ని తిప్పి పంపుతారా? అటక మీద పెట్టండి, ఎప్పుడైనా పనికొస్తుంది.

ప్రొద్దుటూరు:
అటక మాట నేనొప్పుకోను. మా పెళ్ళికొచ్చిన డిన్నర్ సెట్టు తొమ్మిదేళ్ళు అక్కడే ఉంది. ఇల్లు మారేటప్పుడు దించితే అట్టపెట్టెను ఎలుకలు కొరికేసి, అడుగున నాలుగు ప్లేట్లు పగిలి ఉన్నాయి. అది పెట్టిన మా మేనత్త ఆ రోజు అక్కడే ఉంది. ఏమీ అనలేదు. ముక్కలన్నీ చాటలోకి ఎత్తి బయట పోసొచ్చింది. మొదటి వారంలోనే చెప్పి ఉంటే ఆమెకు ఆ పని తప్పేది.

చెప్పకుండా వాపస్ పెట్టడం మాత్రం కుదరదు. ఆర్డర్ మీ చిన్నమ్మ ఫోన్‌లో ఉంది, డబ్బు మామూలుగా కట్టిన ఖాతాకే పోతుంది. గడువు డెలివరీ రోజు నుంచే మొదలవుతుంది కాబట్టి తొందరపడండి. కొన్ని సామాన్లకు మార్పిడే తప్ప డబ్బు వాపస్ ఉండదు, చూసుకోమనండి. పెట్టె సీలు తీయొద్దు.

2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం సరుకు పాడైనా, నకిలీదైనా, చూపించినట్టు లేకపోయినా, చెప్పిన తేదీ దాటి వచ్చినా అమ్మినవాళ్ళు వెనక్కి తీసుకోవాల్సిందే. నచ్చలేదంటే మాత్రం ఆ హక్కు లేదు, కంపెనీ పాలసీ ఎంతవరకు ఒప్పుకుంటే అంతే. "పనిచేయడం లేదని టిక్కు పెట్టండి" అని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. దయచేసి వినొద్దు. బాగున్న స్టవ్ మీద అబద్ధం చెప్తే దాన్ని అమ్మినవాడికి నష్టం.

మెసేజ్ పెట్టకుండా ఫోన్ చేయండి. ముందు ఫ్రిజ్ మీది మాగ్నెట్ గిన్నెలన్నిటికీ పెట్టి చూడండి, అది అంటుకోని గిన్నె ఇండక్షన్ మీద పనిచేయదు. ఒక్కదానికీ అంటుకోకపోతే ఆ మాటే ఉన్నదున్నట్టు చెప్పండి.

జమ్మలమడుగు:
ఫోన్ వరకూ సరే. మిక్సీ కావాలని మాత్రం మీ నోటితో అడగొద్దు. డబ్బు ఆమెది, ఏం చేయాలో ఆమే చెప్పాలి.

ఎర్రముక్కపల్లె, కడప:
ఇప్పుడే మాట్లాడినాను. మిక్సీ ఊసెత్తలేదు. కాసేపు మౌనంగా ఉండి, "గిన్నెల సంగతి నేనడగాల్సింది. బిల్లు పెట్టెలోనే ఉంచు, తీసుకుపోయేవాళ్ళు ఓటీపీ అడిగితే నాకు ఫోన్ చెయ్" అంది. వాపస్‌కు ఇంకా నాలుగు రోజులుందట. అమ్మ మాత్రం పొద్దుటి నుంచి నాతో మాట్లాడటం లేదు.