పెద్ద టైర్లు వేశాక టకోమా ఘాట్ ఎక్కట్లేదు, గేర్లు 4.88కి మార్చాలా?

డెన్వర్_బండి:
అందరికీ నమస్కారం. నాది 2019 టొయోటా టకోమా పికప్, వీ6 ఆటోమేటిక్, ఫోర్ బై ఫోర్. బండితో వచ్చిన 265/70ఆర్16 టైర్లు తీసేసి, పోయిన నెల 285/70ఆర్17 వేశాను. చూడ్డానికి అదిరిపోయింది. కానీ కొలరాడో కొండల్లో ఐ-70 హైవే మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ వైపు ఎక్కేటప్పుడు ఐదో గేరులో నిలవదు. నాలుగుకి దిగుతుంది, మళ్లీ ఐదు, మళ్లీ నాలుగు. మైలేజీ గ్యాలనుకి 19 మైళ్ల నుంచి 16కి పడింది. యాక్సిల్ గేర్లు 4.88కి మార్చమంటున్నారు (అంటే చక్రం ఒక్క చుట్టుకి డ్రైవ్ షాఫ్ట్ 4.88 చుట్లు తిరగడం), 2,500 డాలర్ల పైమాటేనట. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

లెక్కల_మాస్టారు:
మైలేజీ టెన్షన్ కొంత తగ్గిస్తాను. పాత టైరు ఎత్తు 30.6 ఇంచులు, కొత్తది 32.7. అంటే చక్రం ఒక్కో చుట్టుకి 7 శాతం ఎక్కువ దూరం పోతోంది, ఆ సంగతి మీటరుకి తెలీదు. అది 100 మైళ్లంటే మీరు తిరిగింది 107. కాబట్టి మీ 16 నిజానికి 17 పైనే. మీటరు 65 చూపిస్తుంటే మీరు 69.5లో ఉన్నారు, అదీ గుర్తుంచుకోండి. ముందు మీటరు సరిచేయించండి.
గేరుకీ ఇదే లెక్క. మీ బండిది 3.91. దాన్ని 32.7తో హెచ్చవేసి 30.6తో భాగిస్తే 4.18. అది వేస్తే ఇంజిన్ మళ్లీ పాత ఆర్పీఎంకి వస్తుంది. కానీ ఈ లెక్కలో టైరు ఎత్తే ఉంది, బరువు లేదు. అందుకే కొండల్లో తిరిగేవాళ్లు 4.88 దాకా పోతారు.

ఫ్రిస్కో_రాజు:
నేను 4.88 వేయించాను, అదే టైరు సైజుకి. 65లో ఆర్పీఎం పాతదానికంటే 17 శాతం పైన తిరుగుతోంది. బండి చురుగ్గా ఉంది, కాదనను. కానీ డాలస్ చుట్టూ ఎటు చూసినా చదునే, నాకెందుకు ఇంత ఖర్చు అనిపిస్తుంది అప్పుడప్పుడు. మీది డెన్వర్ కాబట్టి నా మాట పట్టించుకోకండి.

ఆటోనగర్_అబ్బాయి:
తమ్ముడూ, నంబరు కంటే పని చేసే చెయ్యి ముఖ్యం. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీల క్రౌన్ పని, అంటే యాక్సిల్ లోపలి పళ్ల చక్రాలు బిగించే పని చేసేవాడు. పళ్లకి రంగు పూసి, చేత్తో తిప్పి, అచ్చు ఎక్కడ పడిందో లైటు పెట్టి చూసేవాడు. పన్ను మధ్యలో పడితే సరే. అంచుకి జరిగితే విప్పి, షిమ్ము (సందు సరిచేసే పల్చటి రేకు) మార్చి, మళ్లీ మొదటి నుంచి. సాయంత్రానికి ఒక యాక్సిల్ అయితే గొప్ప.
ఇక్కడ నా జీపుకి ఒక షాపువాడు రెండు యాక్సిళ్లూ ఒక్క పూటలో ఇచ్చేశాడు. 50 దాటగానే కింద నుంచి వూఁ అని ఒకటే ఏడుపు. వేరేచోట విప్పిస్తే అచ్చు మొత్తం అంచునే ఉంది. అందుకని ఆ అచ్చు ఫొటో తీసిచ్చే షాపుకే బండి ఇవ్వు. ముందూ వెనకా రెండూ మార్చాలి. ఒకటే మార్చి ఫోర్ బై ఫోర్ వేశావా, రెండు యాక్సిళ్లూ పోట్లాడుకుని ఏదో ఒకటి విరుగుతుంది.

లెక్కల_మాస్టారు:
ఈలోపు ఘాట్ మీద గేర్ లివరు ఎస్ మోడ్‌లో పెట్టి నాలుగు దాటనివ్వకండి. ఆ పైకీ కిందకీ ఊగులాట ఆగుతుంది, పైగా ఫ్రీ.

డెన్వర్_బండి:
రెండు వారాలు అలాగే నడిపాను మాస్టారూ, చాలావరకు నయం. కానీ ట్రెయిలర్ తగిలిస్తే మళ్లీ మొదటికొచ్చింది. చివరికి 4.88 వేయించాను, ఫొటోలు అడిగి మరీ తీసుకున్నాను. ఇప్పుడు టన్నెల్ దాకా ఐదులోనే పోతోంది. షాపువాళ్లు చెప్పినట్టు 500 మైళ్ల దాకా బరువు లాగలేదు, నిన్న గేర్ ఆయిల్ మార్పించాను. డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతానికి బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంది. కంగారు పడాలా అన్నా?

ఆటోనగర్_అబ్బాయి:
వేళ్ల మధ్య నలుపు. మెత్తగా ఉంటే కొత్త పళ్లు ఒరుసుకున్న పొడి, మామూలే. గుచ్చుకునే ముక్క తగిలితే మాత్రం బండి అక్కడే ఆపేసి షాపుకి ఫోన్ చెయ్.