రంగు గీతలు పోవాలంటే అక్రోమాట్ (రంగులు విడిపోకుండా ఒకటికి మించి గాజులతో చేసిన క్లోజప్ లెన్స్) కొనాల్సిందేనా?

కొండాపూర్ బొటానికల్ గార్డెన్‌లో సీతాకోకచిలుకల కోసం కెనాన్ 55-250 లెన్స్‌కి చవక క్లోజప్ ఫిల్టర్లు (58 ఎంఎం, ఒకే గాజు) వాడుతున్నాను. 250 ఎంఎం దగ్గర ఫోకస్ ఇన్ఫినిటీలో ఉంచి +4 పవర్ ఫిల్టర్ బిగిస్తే 25 సెంటీమీటర్ల దూరం నుంచే 1:1 (సెన్సర్ మీద పురుగు అసలు సైజులో) వస్తుంది. పురుగు బెదరదు, అందుకే ఈ పద్ధతి వదలబుద్ధి కావట్లేదు.

అపర్చర్ పూర్తిగా తెరిచి ఎఫ్/5.6లో తీస్తే బొమ్మంతా మసక. ఎఫ్/11కి తెస్తే మధ్యభాగం తేరుకుంటుంది గానీ, ఫ్రేము అంచుల్లో రెక్క మీది తెల్లచుక్కలకు ఒకపక్క ఊదా, మరోపక్క ఆకుపచ్చ గీత మిగిలిపోతోంది. +2 కూడా జోడిస్తే (+4 లెన్స్ వైపే ఉంచినా) ఇంకా ఘోరం.

అక్రోమాట్లలో రేనాక్స్ డీసీఆర్-250 అయితే +8, దూరం 12.5 సెంటీమీటర్లకి పడిపోతుంది, వద్దు. డీసీఆర్-150 (+4.8) ఇదే లెన్స్‌తో వాడినవారు అంచుల క్రాప్ చూపిస్తారా? కోఠి షాపుల్లో కొనేముందు బిగించి చూడనిస్తారా?