"డిటెయిన్డ్ ఫర్ క్వశ్చనింగ్": ఇది కారణమా, ప్రయోజనమా? కీ తప్పేమో చూడండి

గ్రూప్స్_ఆశాజీవి:
మాక్ టెస్టులో వచ్చింది. "ద స్టూడెంట్ వాజ్ డిటెయిన్డ్ ఫర్ క్వశ్చనింగ్". ఇందులో ఫర్ క్వశ్చనింగ్ దేన్ని చెబుతోంది? ఆప్షన్లు: ఎ) కారణం బి) ప్రయోజనం సి) కాలం డి) ఏదీ కాదు. నేను ఎ పెట్టా, కీలో బి. దీనికి ముందు ప్రశ్నలోనే "అరెస్టెడ్ ఫర్ థెఫ్ట్"కి కారణం అని ఇచ్చారు. రెండిట్లోనూ వీ3 (క్రియ మూడో రూపం), తర్వాత ఫర్, తర్వాత నామవాచకం. అచ్చం ఒకేలా ఉన్నవాటికి రెండు జవాబులేంటి? రూల్ ఏదైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

కోచింగ్_సార్:
చాలా సింపుల్ తమ్ముడూ. ఫర్ తర్వాత ఉన్న పని ముందే జరిగిపోయి ఉంటే కారణం, ఇక జరగాల్సి ఉంటే ప్రయోజనం. దొంగతనం ముందు, అరెస్టు తర్వాత, కాబట్టి కారణం. పట్టుకెళ్లడం ముందు, ప్రశ్నించడం తర్వాత, కాబట్టి ప్రయోజనం. కీ కరెక్టే. మా బ్యాచ్‌లో మొదటి వారమే అయిపోతుంది ఈ టాపిక్.

బ్యాక్‌లాగ్_బాబు:
డిటెయిన్ అంటే అటెండెన్స్ తగ్గి ఏడాది పోవడమే కదా, నాకైతే అదే గుర్తొచ్చి గుండె ఝల్లుమంది

కృష్ణవేణి_టీచర్:
సార్, పట్టుకెళ్లడమే ముందు అని మీకెవరు చెప్పారు? వాక్యంలో లేదే. ఫీజుల మీద మేనేజ్‌మెంట్‌ని నిలదీసిన కుర్రాణ్ణి సాయంత్రం దాకా ఆఫీసు గదిలో కూర్చోబెట్టారనుకోండి, అప్పుడూ ఇదే వాక్యం రాయొచ్చు. అప్పుడది కారణం. తెలుగులో అయితే ఈ దాగుడుమూతలు కుదరవు, "ప్రశ్నించడానికి" అనో "ప్రశ్నించినందుకు" అనో ఏదో ఒకటి తేల్చి చెప్పాల్సిందే. ఫర్ ఆ పని చెయ్యదు. మీ రూల్‌తో జవాబు దొరకదు సార్, దొరికిన జవాబుకి పేరు పెట్టుకోవచ్చు, అంతే.

కోచింగ్_సార్:
మేడమ్, పరీక్ష హాల్లో కూర్చుని కథలు అల్లుకునే టైమ్ ఉండదు. డిటెయిన్డ్ ఫర్ క్వశ్చనింగ్ అన్నది స్థిరపడిపోయిన వాడుక, ఇంగ్లీషు పేపర్లన్నీ విచారణ కోసం అదుపులోకి తీసుకున్నారన్న అర్థంలోనే రాస్తాయి. మీరు చెప్పిన అర్థం రావాలంటే "ఫర్ క్వశ్చనింగ్ ద మేనేజ్‌మెంట్" అని కర్మ ఇవ్వాలి. కర్మ లేదు కాబట్టి మీ కుర్రాడూ లేడు.

కృష్ణవేణి_టీచర్:
కర్మ పెడితే అర్థం తేలిపోతుంది, కాదనను. కానీ అది మీ ముందు-వెనక రూల్ కాదుగా, వేరే రూల్. సరే, "కిల్డ్ ఫర్ మనీ" చూడండి. డబ్బు ముందు జరిగిందా, తర్వాత జరిగిందా? డబ్బు "జరగడం" ఏంటసలు? "హైదరాబాద్ ఈజ్ నోన్ ఫర్ బిర్యానీ" అన్నప్పుడు ఏది ముందు?

ఉప్పుగాలి_వైజాగ్:
పేరు ముందు ప్లేటు తర్వాత మేడమ్ 😀
"వాంటెడ్ ఫర్ మర్డర్" అని పోస్టర్ చూసి హత్య చెయ్యడానికి మనుషులు కావలెను అనుకున్న బ్యాచ్ నేను

కోచింగ్_సార్:
కిల్డ్ ఫర్ మనీ అంటే డబ్బు సంపాదించడం కోసం. ప్రయోజనం. ప్రతిదానికీ మినహాయింపులు వెతుక్కుంటూ కూర్చుంటే పిల్లలకి ఏమీ రాదు.

నైట్_డెస్క్:
ఇంగ్లీషు పేపర్లో సబ్ ఎడిటర్ని. ఇద్దరూ ఫర్ తర్వాత ఏముందో చూస్తున్నారు గానీ ఫర్ ముందున్న క్రియని పట్టించుకోవడం లేదు. వీ3 తర్వాత వచ్చే ఫర్ కారణం చెప్పేది ఎక్కువగా ఎక్కడంటే, మనిషి మనిషిని మెచ్చుకునో తప్పుబట్టో ఏదో ఒకటి చేసిన చోట. ఫైన్డ్, సస్పెండెడ్, పనిష్డ్, ప్రెయిజ్డ్, ఆనర్డ్, బ్లేమ్డ్, ఇవన్నీ ఆ బాపతే. తీర్పు చెప్పేవాడు ఎవడూ లేని చోట ఈ ఫర్ అతకదు. జిల్లాల నుంచి మాకు "క్రాప్స్ డ్యామేజ్డ్ ఫర్ రెయిన్స్" అని కాపీ (విలేఖరులు రాసి పంపే వార్త) వస్తూనే ఉంటుంది. వానలకు పంట దెబ్బతింది అనుకుంటూ రాస్తారు, "కు" కనబడగానే ఫర్ పడిపోతుంది. దాన్ని బై అనో డ్యూ టు అనో దిద్దడం నా రోజువారీ పని. మళ్లీ నేరాల దగ్గర అన్నీ ఫర్ తీసుకోవు, అక్యూజ్డ్ ఆఫ్, చార్జ్‌డ్ విత్, కన్విక్టెడ్ ఆఫ్. వీటికి రూల్ లేదు, నోటికి రావాల్సిందే.

ఇంకోటి, అరెస్టెడ్ ఫర్ థెఫ్ట్ అని అందరూ ఇంత తేలిగ్గా రాస్తున్నారు గానీ, అసోసియేటెడ్ ప్రెస్ స్టైల్‌బుక్ (దాన్నీ ఏపీ అనే అంటారు, మన ఏపీ కాదు) అలా రాయొద్దనే చెబుతుంది. విచారణ కాకముందే నేరం చేశాడని తేల్చేసినట్టు అవుతుందని. అరెస్టెడ్ ఆన్ ఎ చార్జ్ ఆఫ్ అని రాయమంటుంది. తెలుగు పేపర్లు "చోరీ కేసులో అరెస్టు" అని రాస్తాయి చూడండి, ఆ "కేసులో" ఊరికే లేదు.

గ్రూప్స్_ఆశాజీవి:
అంటే నా మార్కు?

మాజీ_గుమాస్తా:
నైట్ డెస్క్ గారూ, దండం పెట్టాలండి మీకు. మా ఆఫీసులో నాకిచ్చిన ఆర్డర్లో "సస్పెండెడ్ ఫర్ మిస్అప్రోప్రియేషన్ ఆఫ్ ఫండ్స్" అని టైపు చేసి పంపారు. ప్రభుత్వోద్యోగుల క్రమశిక్షణకి సంబంధించిన 1991 నాటి సీసీఏ రూల్స్‌లో సస్పెన్షన్ ఎనిమిదో రూలు, శిక్షలు తొమ్మిదో రూలు. అంటే సస్పెన్షన్ శిక్ష కాదు, విచారణ తేలే దాకా పక్కన కూర్చోబెట్టడం. "పెండింగ్ ఎంక్వయిరీ" అని ఒక్క మాట రాస్తే సరిపోయేది. ఆ ఫర్ చూసి మా బావమరిది దగ్గర్నుంచి పాలవాడి దాకా డబ్బులు తిన్నాడని ఖాయం చేసుకున్నారు. విచారణలో ఏమీ తేలలేదు, మళ్లీ తీసుకున్నారు, కానీ ఆ కాయితం మాత్రం ఊరంతా తిరిగింది. ఇప్పుడు కోచింగ్ సార్ "దొంగతనం ముందు జరిగింది, అరెస్టు తర్వాత జరిగింది" అని రూల్ చెబుతున్నారు. దొంగతనం జరిగిందనీ, వాడే చేశాడనీ మీకెవరు చెప్పారు సార్?

కోచింగ్_సార్:
గుమాస్తా గారూ, మీకు జరిగింది బాధాకరమే గానీ ఇది గ్రామర్ చర్చ. మీ సర్వీసు కేసు ఇక్కడెందుకు? కారణం అంటే అరెస్టు చేసినవాళ్లు చెప్పే కారణం. రాజ్యాంగం 22వ అధికరణం కూడా అరెస్టుకి కారణాలు చెప్పాలనే అంటుంది, నేరం రుజువయ్యాకే అరెస్టు చెయ్యమనదు.

మాజీ_గుమాస్తా:
మరి అది మీ రూల్లో ఏదీ? "చేశాడు" అనడానికీ "చేశాడంటున్నారు" అనడానికీ తేడా తెలియని పిల్లలు రేపు ఆఫీసర్లై ఇలాంటి ఆర్డర్లే రాస్తారు. నాది రాసినవాడు కూడా ఏదో ఒక కోచింగ్‌లోనే చదివి ఉంటాడు.

కోచింగ్_సార్:
ఇదిగో, ఇక్కడికొచ్చారు. ఉద్యోగాలు చేసి పెన్షన్లు తీసుకుంటూ సూక్ష్మాలు మాట్లాడటం తేలిక. నా దగ్గరికొచ్చేవాళ్లు పల్లెటూళ్ల నుంచి, తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు. అర మార్కు తేడాతో ఏడాది పోగొట్టుకుంటారు. వాళ్లకి కావాల్సింది రూల్, టిక్కు. క్లాసులో తెలుగులో ఆలోచించొద్దని మొదటిరోజే చెబుతా. అలా ఆలోచించబట్టే కదా నైట్ డెస్క్ గారికి "ఫర్ రెయిన్స్" కాపీలు వచ్చేది!

కృష్ణవేణి_టీచర్:
అసలు గొడవ ఇప్పుడు బయటపడింది సార్. నేను సర్కారు బడిలో చెబుతా, మీ దగ్గరికొచ్చే పిల్లలంతా ముందు మా దగ్గర కూర్చున్నవాళ్లే. వాళ్లకి తెలుగు అడ్డం అని మీరు అనుకుంటున్నారు. "ఫైన్డ్ ఫర్ స్పీడింగ్" బోర్డు మీద రాసి తెలుగులో చెప్పమంటే వెనక బెంచీ వాడు కూడా "స్పీడుగా నడిపినందుకు" అంటాడు, ఎవరూ "నడపడానికి" అనరు. "బిల్ట్ ఫర్ స్పీడ్" రాస్తే "స్పీడుగా పోవడానికి" అంటారు. అప్పటిదాకా కారణం, ప్రయోజనం అన్న మాటలే నేను ఎత్తను. వాడికి ఆ తేడా ఇంట్లోనే వచ్చు, మీరు దాన్ని గుమ్మం బయట వదిలి రమ్మని, దాని బదులు ముందు-వెనక లెక్క చేతిలో పెడుతున్నారు. ఇక "ఫర్ రెయిన్స్" అంటారా, అది తెలుగులో ఆలోచించడం వల్ల వచ్చిన తప్పు కాదు, సగం ఆలోచించి ఆపేయడం వల్ల వచ్చింది. "వానలకు" అంటే ఇక్కడ "వానల వల్ల" అని ఇంకో మెట్టు ఎక్కిస్తే ఆ తప్పు రాదు.

నైట్_డెస్క్:
ఎక్కించే తీరిక ఉన్న చోట వస్తుందేమో మేడమ్. మా దగ్గరికి కాపీ రాత్రి పదకొండింటికి వస్తుంది.

కోచింగ్_సార్:
మా దగ్గరికి పిల్లలు నోటిఫికేషన్ పడ్డాక వస్తారు. అదే నేను చెప్పేది.

బ్యాక్‌లాగ్_బాబు:
మేడమ్ మా కాలేజీలో ఎందుకు చెప్పలేదు మీరు

కృష్ణవేణి_టీచర్:
సరే సార్, మీ టైమ్‌లోనే అడుగుతా. బ్రిడ్జి మీద బోర్డు పెట్టారు, "క్లోజ్‌డ్ ఫర్ రిపెయిర్స్". రిపేర్ల వల్ల మూశారా, రిపేర్లు చెయ్యడానికి మూశారా? పనులు మొదలై నెల అయింది, ఇంకా నడుస్తున్నాయి. ముందా, వెనకా?

కోచింగ్_సార్:
ప్రయోజనం. ఆప్షన్ బి.