మిర్చి టిక్కీలకు (బస్తాలకు) వరుస నంబర్ల ట్యాగులు: ఆఫీసులో తీసుకోవాలా, ప్రెస్‌కి ఇవ్వాలా?

గోడౌన్_గుంటూరు:
కోల్డ్ స్టోరేజీలో పెట్టే ప్రతి టిక్కీకీ ఆరంకెల నంబరు కావాలి, 000001 నుంచి 040000 దాకా. ఒకటి బస్తాకి, అదే నంబరు ఇంకోటి రిజిస్టర్లో అతికించడానికి. ఆఫీసులో లేజర్ ప్రింటరు, ఏ4కి 24 వచ్చే స్టిక్కర్ షీట్లు ఉన్నాయి. వర్డ్ మెయిల్ మెర్జ్‌లో (ఎక్సెల్ జాబితాలోని నంబర్లని ఒక్కో స్టిక్కరు మీదికి తెచ్చే పద్ధతిలో) ముందు సున్నాలు పోతున్నాయి, షీటంతా ఒకటే నంబరు వస్తోంది, అంచు వరుసల్లో నంబరు గీత దాటుతోంది. విజయవాడ ప్రెస్‌లో ఇచ్చేయడం మేలంటారా?

మెర్జ్_మాస్టారు:
మూడింటికీ కారణాలు వేరండీ. ఎక్సెల్ గడికి ఫార్మాట్ మార్చి సున్నాలు చూపించినా లోపల ఉండేది 1 మాత్రమే, వర్డ్ దాన్నే తీసుకుంటుంది. పక్క కాలమ్‌లో టెక్స్ట్ ఫంక్షన్‌కి ఆరు సున్నాల ఫార్మాట్ ఇచ్చి, మెర్జ్‌కి ఆ కాలమ్ వాడండి.

షీటంతా ఒకే నంబరంటే రెండో గడి నుంచి జాబితాలో తర్వాతి నంబరు తెచ్చే ‘నెక్స్ట్ రికార్డ్’ ఫీల్డ్ లేదన్నమాట. మొదటి గడి సిద్ధం చేసి ‘అప్‌డేట్ లేబుల్స్’ నొక్కితే మిగతా 23 గడుల్లోకీ అదే వచ్చేస్తుంది. మొదటి గడిలో మాత్రం అది ఉండకూడదు, ఉంటే 000001 ఎగిరిపోయి 000002తో మొదలవుతుంది.

గీత దాటడానికి చాలాసార్లు పీడీఎఫ్ ప్రింట్‌లో పేజీని కుదించే ‘ఫిట్’ కారణం. ‘యాక్చువల్ సైజ్’ పెట్టండి. 24 షీటులో గడి ఎత్తు సుమారు 34 మిల్లీమీటర్లు. స్కేలు 97 శాతానికి తగ్గితే వరుసకో మిల్లీమీటరు చొప్పున తేడా పోగవుతుంది. ముందు తెల్ల కాగితం మీద తీసి, స్టిక్కర్ షీటు మీద ఆనించి వెలుతురుకి పట్టి చూడండి. సగం వాడిన షీటుని మళ్ళీ లేజర్లో పెట్టొద్దు, వేడికి స్టిక్కరు ఊడి లోపల రోలర్‌కి చుట్టుకుంటుంది.

రిబ్బన్_రోల్:
రిజిస్టర్ వరకూ ఆ స్టిక్కర్లు చాలు. బస్తాకి పనికిరావు. గోనె మీద పీచు, కారం దుమ్ము. గమ్ పట్టదు. చల్లటి గదిలోంచి బయటికి తీయగానే బస్తా చెమర్చి కాగితం మెత్తబడుతుంది. చిరగని సింథటిక్ ట్యాగుకి కన్నం పెట్టించి పురికొసతో కట్టాలి.

దానికి థర్మల్ ట్రాన్స్‌ఫర్ ప్రింటరు (రిబ్బన్ మీది సిరాని వేడితో ట్యాగు మీదికి దించేది) కావాలి, 203 డీపీఐ (అంగుళానికి 203 చుక్కలు) చాలు. రిబ్బన్ దగ్గరే చాలామంది పొరపడతారు: చవగ్గా దొరికే వ్యాక్స్ రిబ్బన్ కాగితానికే. సింథటిక్ మీద గోటితో గీకినా పోతుంది. రెజిన్ రిబ్బన్ తీసుకుని, వేడి పెంచి, వేగం తగ్గించండి. రిబ్బన్ అక్కర్లేని డైరెక్ట్ థర్మల్ వద్దు, ఎండకీ రాపిడికీ అక్షరాలు వెలిసిపోతాయి.

రిబ్బన్ ట్యాగుతో సమానంగా నడుస్తుంది కాబట్టి 50 మిల్లీమీటర్ల పొడవున్న 40,000 ట్యాగులకి 2,000 మీటర్లు కావాలి, అంటే 300 మీటర్ల రిబ్బన్ రోల్స్ ఏడు. కన్నం సరిగ్గా గ్యాప్ సెన్సర్ (ట్యాగుల మధ్య సందుని పసిగట్టేది) దారిలో పడితే మెషిను దాన్నే ట్యాగుల మధ్య సందు అనుకుని నంబర్లని జరిపేస్తుంది. అందుకే వెనక నల్ల గీత ఉన్న రోల్ అడగండి, సెన్సర్‌ని ఆ గీతకి మార్చండి.

బార్‌కోడ్ కూడా వేస్తే కోడ్ 128 అనే రకం పెట్టండి. అందులో అంకెలు జతలుగా ఇముడుతాయి. ఆరంకెలకి సన్న గీత మూడు చుక్కల వెడల్పుతో పాతిక మిల్లీమీటర్లు దాటుతుంది, అటూ ఇటూ నాలుగేసి మిల్లీమీటర్లు ఖాళీ వదలాలి. ముందు అక్షరం చేరిస్తే ఎనిమిది మిల్లీమీటర్లు పెరుగుతుంది. లాట్ (ఒక విడత సరుకు) నంబరు బార్‌కోడ్ బయటే ఉంచండి.

నంబరింగ్_బాక్స్:
బార్‌కోడ్ అక్కర్లేకపోతే ప్రెస్సే చవక. మధ్యలో పెర్ఫొరేషన్ (చింపడానికి వీలుగా చిల్లుల వరుస) కొట్టించి, రెండు నంబరింగ్ బాక్సుల్ని (కాగితం కాగితానికీ అంకె తిరిగే నంబరు అచ్చుల్ని) ఒకే నంబరు మీద పెట్టమనండి. ఒక ముక్క బస్తాకి, ఒకటి రిజిస్టరుకి, ఇక జత తప్పదు. అయితే కాగితం సరిగ్గా పడకపోయినా బాక్సు ఒక అంకె తిరిగిపోతుంది. పోయిన నంబర్ల జాబితా రాసివ్వమని ముందే చెప్పండి.

డిజిటల్‌గా పెద్ద షీటు మీద తీయిస్తే వరుస ఇలా కాదు. షీటుకి 20 చొప్పున 2,000 షీట్లయితే, మొదటి షీటులో 1, 2001, 4001... రెండో షీటులో 2, 2002, 4002... ఇలా ఉండాలి. అప్పుడే కట్ చేసిన ప్రతి దొంతరా వరుసగా వస్తుంది. లేకపోతే 40,000 ముక్కలు చేత్తో పేర్చుకోవాలి.

గోడౌన్_గుంటూరు:
బార్‌కోడ్ కావాలండీ, దించేటప్పుడు స్కాన్ చేస్తాం. మరి ప్రింటింగ్ మధ్యలో కరెంటు పోతే?

రిబ్బన్_రోల్:
నంబరు ప్రింటర్ కౌంటర్ నుంచి కాక, స్టిక్కర్లకి వాడిన ఎక్సెల్ ఫైలు నుంచే వెళ్ళాలి. ఒక్కసారిగా కాకుండా 500 చొప్పున పంపండి. కరెంటు వచ్చాక చేతికొచ్చిన చివరి ట్యాగు చూసి తర్వాతి నంబరు నుంచి మొదలుపెట్టండి. రిబ్బన్ అయిపోయినప్పుడు ఇంకా జాగ్రత్త: చాలా మెషిన్లు ఆగిన ట్యాగునే మళ్ళీ కొడతాయి, పాతది కూడా చదవగలిగేలా ఉంటే ఒకే నంబరుకి రెండు బస్తాలు తేలతాయి. రిబ్బన్ మార్చిన చోట ముందువి రెండు, తర్వాతవి రెండు చూసి, పనికిరానిది అక్కడే చింపేయండి.